వదులు

గ్రీన్‌లాండ్ ఈశాన్య తీరం, ఫిబ్రవరి.
మైనస్ ముప్పై ఒకటి.
మూడు పిస్తోళ్ళు రాత్రంతా మంచులో పడుకున్నాయి,
నేను పడుకోలేదు.

గుడిసె బయట బల్ల మీద వాటిని వరసగా పెట్టి
ఏగోన్ అంటాడు: "రాసుకో, పిపాలుక్.
అంకెలే రాయి. మెచ్చుకోళ్ళు వద్దు."

మొదటిది కొత్తది, బిగువైనది.
స్లైడుకీ చట్రానికీ మధ్య వెంట్రుక దూరదు.
వేసవిలో యాభై అడుగుల నుంచి
టీ డబ్బా మూత మీది రాజుగారి ముక్కు ఎగరగొట్టింది.
ఇవాళ మొదటి గుండుకి దగ్గింది,
రెండోదానికి పొలమారింది:
ఖాళీ తొడుగు గొంతులో నిలువునా ఇరుక్కుని
మెతుకు అడ్డంపడ్డ పిల్లాడిలా
నోరు తెరుచుకుని మా వైపు చూసింది.
తప్పు దానిది కాదు, నూనెది.
ఎక్కడో వెచ్చటి ఊళ్ళో పూసిన నూనె
ఇక్కడ ముదురు బెల్లంపాకం.

రెండోది ప్లాస్టిక్ చట్రం. చేతికి అంటుకోదు,
అదొక్కటీ దాని దయ.
ఉక్కుదానికి నిరుడు నా బొటనవేలి తోలు సమర్పించుకున్నాను.
వంద గుళ్ళలో తొంభై ఏడు.
తక్కిన మూడూ గుడిసెలో అంటిన జబ్బు:
పొయ్యి వేడికి ఒళ్ళంతా చెమటపట్టి,
బయటికి రాగానే ఆ చెమటే
సూది నడిచే సన్నటి సొరంగంలో గడ్డకట్టి,
ట్రిగ్గర్ నొక్కితే టిక్కుమని ఒక మాట.
అంతే.
అందుకే ఇక్కడ పిస్తోలు గడప దాటి లోపలికి రాదు.
గుమ్మం పక్క మేకుకి వేలాడుతుంది,
చెప్పుల కన్నా బయట.

మూడోది ముసలిది.
ఎవరి తాతదీ కాదు, అలాంటి కథలేవీ లేవు;
సరుకుల ఓడలో వంటవాడి దగ్గర
రెండు సీల్ తోళ్ళకి కొన్నది.
ఊపితే లొడలొడలాడుతుంది.
గురి సంగతి అడక్కండి,
గోడని కొట్టమంటే గోడని కొడుతుంది.
హిమనది నూరిన మట్టి, గోధుమపిండి కన్నా మెత్తటిది,
డబ్బాలో దాచింది తీసి చారెడు పోశాం. మింగింది.
ఉప్పునీళ్ళలో ముంచి, గడ్డకట్టించి,
బల్లకేసి రెండు దెబ్బలు కొట్టి నొక్కితే
పేలింది.
మళ్ళీ పేలింది. సాయంత్రానికి వంద.
"వదులుంది కదా," అన్నాడు ఏగోన్,
"చోటుంటే చెత్త పక్కకి జరుగుతుంది."
వందకి వంద అని రాశాను.
మెచ్చుకోలు రాయలేదు.

ఎలుగుకైతే రైఫిలుంది.
మరి నడుముకి ఈ చిన్నది దేనికని
కొత్తగా వచ్చినవాళ్ళు అడుగుతారు.
మేం జవాబు చెప్పం.
కుక్కల వైపు చూడకుండా జాగ్రత్తపడతాం.

మార్చిలో, ఫ్యోర్డు మధ్య, మంచు పగుల్లోకి జారి
తులుగాక్ వెనక కాళ్ళు రెండూ విరిగాయి.
తక్కిన పదకొండూ తోకల కింద మొహాలు దాచుకున్నాయి.
ఏ దిక్కుకైనా మూడు రోజుల దారి.
చేతి తొడుగు తీశాను, తొడుగుతో ట్రిగ్గర్ అందదు.
నా దగ్గరున్నది ముసలిదే.
ఆ ఒక్క నిమిషం
పట్టికలోని జబ్బులన్నిటినీ పేరుపేరునా పిలిచాను:
పాకమైన నూనె, సూది ముందు మంచు,
గొంతులో నిలబడ్డ తొడుగు.
ఒక్కటీ పలకలేదు.
తులుగాక్ నా మణికట్టు నాకింది,
ఉప్పు కోసం కాబోలు.

తిరిగొచ్చాక ఏగోన్ అడిగింది ఒకటే.
"పేలిందా?"
"పేలింది."
నూట ఒకటి అని దిద్దబోయి
పెన్సిలు మొన చూస్తూ కూర్చున్నాడు,
తర్వాత కాఫీ నీళ్ళు పెట్టడానికి లేచాడు.
ఆ గడిలో ఇప్పటికీ వందే ఉంది.

పిస్తోలు మేకుకి తగిలించాను.
రాత్రంతా గాలికి
లొడలొడలాడుతూనే ఉంది.